వెలుగూ వేగమూ

ఛాయాచిత్రానికి వెలుగే ప్రాణం. ఆరుబయట ఆడే ఆటలకు సూర్యుడు ఆ ప్రాణాన్ని ధారాళంగా పోస్తాడు. నాలుగు గోడల నడుమ ఆడే ఆటల సంగతి వేరు. అందుకు బాడ్మింటన్ చక్కని ఉదాహరణ. సుమారు ఐదు గ్రాముల బరువే ఉండే షటిల్ చిరుగాలికే దారి తప్పుతుంది కనుక పెద్ద పోటీలను మూసిన ప్రాంగణాల్లోనే నిర్వహిస్తారు. 2009లో ప్రపంచ బాడ్మింటన్ పోటీలకు వేదికైన హైదరాబాదులోని గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం అటువంటిదే. అక్కడ దీపాలెన్ని ఉన్నా, ఆ వెలుగు మిట్టమధ్యాహ్నపు ఎండలో నూరో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఆ తేడాను మనిషి కన్ను తనంతట తాను సర్దుకుంటుంది. కెమెరాకు ఆ నేర్పు తక్కువ.

వెలుగు ఇంత తక్కువ కాగా, వేగం ఊహకందనిది. అమలాపురానికి చెందిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి ప్రత్యేక పరీక్షలో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో 2023లో గిన్నిస్ రికార్డుకెక్కింది. అంతటి వేగంతో వెళ్లే షటిల్, సెకనులో వెయ్యో వంతు కాలంలో సుమారు 16 సెంటీమీటర్లు సాగిపోతుంది. పోటీల్లో వేగం ఇంతకన్నా తక్కువే అయినా, రెప్పపాటు కూడా అక్కడ సుదీర్ఘ కాలమే.

ఈ వేగాన్ని పట్టాలంటే షట్టరును అతి స్వల్పకాలం మాత్రమే తెరవాలి. సెకనులో 250వ వంతుకు బదులు 1000వ వంతు కాలం తెరిస్తే, లోనికి వచ్చే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ లోటు తీర్చడానికి కటకపు ద్వారాన్ని పెద్దది చేస్తే, క్రీడాకారుని కన్నులు స్పష్టంగా ఉండి, చాచిన చేతిలోని రాకెట్ మసకబారవచ్చు. ఐ.ఎస్.ఓ. విలువను 6400 వరకు పెంచితే చిత్రమంతటా ఇసుక చల్లినట్లు రేణువులు కనిపిస్తాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందం!

ఫ్లాష్ వెలిగిస్తే చిక్కు తీరుతుంది కదా అనిపించవచ్చు. కానీ పోటీ జరిగేటప్పుడు దాన్ని వాడనివ్వరు. ఆ మెరుపు క్రీడాకారుని కన్నులను క్షణకాలం కమ్మినా చాలు, ఏళ్ల తరబడి చేసిన సాధన ఒక్క పాయింటుతో వృథా కావచ్చు. తన చిత్రం కోసం ఇతరుల ఏకాగ్రతను భంగపరచే హక్కు ఏ ఛాయాగ్రాహకునికీ లేదు.

మరి అతనికి దిక్కేది? ఆటను చదవగల నేర్పే. పైకి విసిరిన రాయి కిందికి మరలే ముందు ఒక్క క్షణం నిలిచినట్లు, గాలిలోకి ఎగిరిన క్రీడాకారుని దేహం కూడా శిఖరస్థానంలో లిప్తపాటు నిలుస్తుంది. ఆ లిప్తను పట్టడానికి అంత వేగమైన షట్టరు అక్కరలేదు. అయితే స్మాష్‌ను చూశాక మీట నొక్కితే ఆలస్యమైపోతుంది. అడుగుల కదలికనూ, భుజం తీరునూ గమనించి, జరగబోయే దాన్ని ముందే పసిగట్టాలి. ఆ చూపు నిత్యం ఆటను పరిశీలించే ఓర్పుతోనే అలవడుతుంది.

నేటి కెమెరాలు సెకనుకు 20కి పైగా చిత్రాలు తీయగలవు. రేణువులను తుడిచే సాఫ్ట్‌వేర్లూ వచ్చాయి. అయినా, రెండు చిత్రాల మధ్య విరామంలోనే షటిల్ కొన్ని మీటర్లు దాటిపోవచ్చు. అసలైన క్షణం ఆ విరామంలోనే జారిపోవచ్చు. పైగా, ఏ క్షణం నిలుపదగినదో యంత్రం చెప్పలేదు. బిగిసిన దవడనూ, చెమట చుక్కనూ, గెలుపు తపననూ పట్టుకున్న చిత్రంలో నాలుగు రేణువులున్నా చూసేవారు వాటిని లెక్కించరు. కొరత నడుమ ఏది వదులుకోవాలో, దేనిని వదులుకోరాదో తెలిసిన వివేకమే ఏ కళకైనా నిజమైన వెలుగు.