గాలిలో ముప్పావుగంట... నేల మీద ఏడు గంటలు!

నాగార్జునసాగర్ కుడిగట్టున, విజయపురి సౌత్‌లో ఒక రన్‌వే ఉంది. టికెట్ కొనుక్కుని ఎక్కే విమానమేదీ అక్కడికి రాదు. మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం గుడిబండ దగ్గర విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన ఉంది. అక్కడ అసలు రన్‌వేనే లేదు. మరి ఈ రెండింటి మధ్యా విమానం తిరిగితే ఎంతసేపు పడుతుంది?

వింత ప్రశ్నే. కానీ లెక్క మాత్రం తేలిక. రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద, పదహారున్నర డిగ్రీల దగ్గర ఉన్నాయి. సాగర్‌లో లేచిన విమానం నేరుగా పడమటికి పోతే చాలు. రేఖాంశాల్లో తేడా డిగ్రీన్నర లోపే. ఇక్కడ ఒక్కో డిగ్రీకి 107 కిలోమీటర్లు. గుణించి చూస్తే 145 పైచిలుకు! అందుకే సాగర్‌లో పొద్దు పొడిచిన ఐదు నిమిషాలకుగానీ గుడిబండలో పొడవదు.

పైలట్లు శిక్షణ పొందే సెస్నా 152 లాంటి బుల్లి విమానం వేగం గంటకు 185 కిలోమీటర్లు. అంటే ముప్పావుగంట దాటి రెండు మూడు నిమిషాలు. వానాకాలంలో పడమటి గాలి గంటకు 35 కిలోమీటర్ల వేగంతో ఎదురొచ్చిందా, గంట పడుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి నలభై నిమిషాలే! ఏటీఆర్ అయితే అరగంట చాలు. అందులోనూ సగం ఎక్కడానికీ దిగడానికే.

సాగర్ రన్‌వే శిక్షణ విమానాలకు పనికొచ్చింది. 2022 ఫిబ్రవరి 26న అక్కడ లేచిన అలాంటి విమానమే నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో కూలింది. శిక్షణలో ఉన్న యువతి చనిపోయింది.

ఈ దూరాన్ని నేల మీద కొలుద్దామని బయల్దేరాను. ఉదయం ఆరింటికి సాగర్‌లో మొదటి బస్సు. దేవరకొండలో మారాలి, కల్వకుర్తిలో మారాలి, జడ్చర్లలో మళ్లీ మారాలి. బత్తాయి తోటలు పోయి పత్తి చేలు, అవీ పోయి రాళ్ల గుట్టలు. కల్వకుర్తిలో బస్సు కోసం నిలబడిన సమయంలో విమానం సాగర్ నుంచి గుడిబండకు వెళ్లి, టీ తాగి తిరిగొచ్చేది. అడ్డాకుల చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట.

గుడిబండకు రన్‌వే ఎందుకు రాలేదంటే కారణాలు చాలానే ఉన్నాయి. 2004లో శంషాబాద్ విమానాశ్రయానికి చేసుకున్న ఒప్పందం ప్రకారం 150 కిలోమీటర్ల లోపు పాతికేళ్లపాటు మరొకటి రాకూడదు. గుడిబండ అక్కడికి గాలిదారిన వంద కిలోమీటర్లు. 2025లో వరంగల్ మామునూరుకు ఆ అడ్డు తొలగింది. గుడిబండ మాత్రం కాగితం మీదే ఉంది.

చేలో కనిపించిన ఓ పెద్దాయనను అడిగాను. ‘‘గాలిమోటరొస్తే మంచిదే సారూ. బొంబాయి పోయేటోళ్లు రాత్రంత బస్సుల కూసునే బాధ తప్పుతది. గని గీ చెల్క పోతే నేనేడికి పోవాలె?’’

సాగర్ నుంచి విమానంలో అయితే ముప్పావుగంటేనని చెప్పాను. ఆయన నవ్వాడు.

‘‘డ్యాము కట్టేటప్పుడు మా నాయిన రాళ్లు మొయ్యబోయిండు. నడిసే పొయ్యిండు. ఎన్ని దినాలు పట్టిందో ఎప్పుడూ చెప్పలే.’’