రాసివ్వమన్నాను

కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలన్నది నాన్న ఎన్నాళ్ళుగానో పెట్టుకున్న కోరిక. గుండెకు స్టెంట్ వేశాక డాక్టరుగారు సరేనన్న తర్వాతే బయల్దేరాం. గుండె వేగం హెచ్చితే ఆయన చేతి స్మార్ట్‌వాచ్ మోగుతుంది, నా ఫోనుకూ కబురొస్తుంది. ఆ ధైర్యంతోనే కార్తీకమాసపు రద్దీలో ఆయన్ని కేదార్ ఘాట్ మెట్లు దిగనిచ్చాను.

పాండే హవేలీలో దిగాం. తెలుగు యాత్రికులు ఎక్కువగా ఉండే చోటు కావడంతో భోజనానికీ మాటకూ లోటు లేదు. ఓ పొద్దున నాన్న చెయ్యి చాపి, "అమ్మాయ్, దీని అద్దం లేచినట్టుంది చూడు" అన్నారు. ఒక అంచున గోరు దూరేంత సందు. అందులో నల్లటి జిగురు సన్నటి దారాల్లా సాగుతోంది. వెనకవైపు ముట్టుకుంటే వేడి.

లిథియం బ్యాటరీ లోపల చెడితే గ్యాస్ పుట్టి పొంగుతుంది. ఇరుకు డబ్బాలో చోటు లేక అద్దాన్ని పైకి తోసేస్తుంది. అలాంటిదాన్ని చార్జింగ్ పెట్టకూడదు, అద్దాన్ని నొక్కి అతికించాలని చూడకూడదు. వెంటనే ఆఫ్ చేసి, స్టీలు గిన్నెలో వేసి, గది బయట వరండాలో పెట్టాను. గిన్నెతోనే ఆటో ఎక్కి సిగ్రాలో ఉన్న సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాం.

కౌంటర్లో కుర్రాడు వాచ్‌ను ముట్టుకోనైనా లేదు. "గంగాస్నానం చేశారుగా, లోపలికి నీళ్ళు పోయాయి. వారంటీ రాదు" అన్నాడు. నాన్న మునిగే ముందు ప్రతిసారీ వాచ్ తీసి నా చేతికిచ్చేవారు. ఆ మాటే చెప్పాను. "అయితే రాజమండ్రిలో కొన్నారుగా, అక్కడే చూపించుకోండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పొంగిన బ్యాటరీని సామాన్ల మధ్య పెట్టుకుని అంత దూరం రైల్లో ఎలా వెళ్తాం? దేశంలో ఏ అధీకృత కేంద్రంలోనైనా సర్వీసు ఇస్తామని వాళ్ళ వారంటీ కార్డు మీదే ఉంది.

"సరే, వారంటీ ఎందుకు వర్తించదో జాబ్ షీట్ మీద రాసి, సంతకం, స్టాంపు వేసివ్వండి" అన్నాను.

అంతే, కుర్రాడు లోపలికెళ్ళి ఇంజినీరును వెంటబెట్టుకొచ్చాడు. తల నెరిసిన మనిషి, నెమ్మదస్తుడు. మా ఎదుటే దీపం కింద పట్టకారుతో అద్దం ఎత్తి, లోపలున్న చిన్న తెల్లటి స్టిక్కర్ చూపించాడు. తడి తగిలితే అది ఎర్రబడుతుందట. ఇది తెల్లగానే ఉంది. "సూఖా హై" అని, ‘బ్యాటరీ పొంగింది, నీటి ఆనవాళ్ళు లేవు’ అని తన చేత్తోనే రాశాడు. ఆయనకు నాన్న చేతులెత్తి దండం పెట్టారు.

వాచ్ మార్చి ఇవ్వడానికి మాత్రం పది పనిదినాలు పడుతుందన్నారు. అదీ ఇక్కడికే వచ్చి తీసుకోవాలట. అప్పటికి మేము ఊళ్ళో ఉండం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, జాబ్ షీట్ నంబరు తీసుకుని ఫిర్యాదు నమోదు చేశారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఎక్కడ కొన్నా, ఎక్కడ ఇబ్బంది పడినా మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. దూరప్రయాణాలు చేసేవాళ్ళకు ఇంతకన్నా అక్కరకొచ్చే సంగతి లేదని నా నమ్మకం. అంతదాకా పోలేదు. కంపెనీవాళ్ళే ఫోన్ చేసి, కొత్తది రాజమండ్రి కేంద్రానికి పంపుతామన్నారు.

వాచ్ లేని ఆ రోజుల్లో ఘాట్ మెట్ల మీద నాన్నను కూర్చోబెట్టి, ఆయన బొటనవేలి కింద మణికట్టు దగ్గర రెండు వేళ్ళు ఆనించి, ఫోన్‌లో నిమిషం పెట్టుకుని నాడి లెక్కపెట్టేదాన్ని. మనసు నిలిచేది కాదు. నడక తగ్గించమంటే ఆయన విననూ లేదు. క్షేమంగా ఇల్లు చేరాం.

తర్వాత వాచ్ వచ్చిందని రాజమండ్రి నుంచి ఫోనొచ్చింది. బిల్లు మీద ఉండేది పాత సీరియల్ నంబరే కాబట్టి, కొత్తదాని నంబరునూ, మిగిలిన వారంటీ గడువునూ జాబ్ షీట్ మీద రాయించి, స్టాంపు వేయించుకున్నాకే కౌంటర్ దగ్గర్నుంచి కదిలాను.