అమ్మానాన్నలకో కాగితం

ఫ్రీమాంట్‌లో మా ఇంటికొచ్చిన అమ్మానాన్నలు శాన్‌ఫ్రాన్సిస్కో చూస్తామన్నారు. మాకు సెలవు లేదు. రాత్రి కూర్చుని ఒక్క కాగితం మీద, పెద్ద తెలుగక్షరాల్లో, దారి రాసి ప్రింట్ తీశాను. ఊరంతా కాదు. చైనాటౌన్, దాన్ని ఆనుకున్న నార్త్ బీచ్, అంతే.

బార్ట్ రైలు మాంట్‌గోమరీలో దిగాలి. గ్రాంట్ అవెన్యూ మొదట్లో 1970 నాటి డ్రాగన్ గేటు. పోర్ట్స్‌మత్ స్క్వేర్‌లో చైనా పెద్దవాళ్లు పేకాడుతుంటారు, కాసేపు కూర్చోండి. కొలంబస్ అవెన్యూలో 1953లో పెట్టిన సిటీ లైట్స్ పుస్తకాల షాపు, మేడమీద కవిత్వం గది. కాయిట్ టవర్ దారి నిట్టనిలువు, నడవొద్దు, 39వ నంబరు బస్సెక్కండి. లోపలి గోడల మీద 1934లో వేసిన బొమ్మల్లో తోటల్లో కాయలు కోసే కూలీలున్నారు. నాన్న కోసం ఆ వాక్యం కింద గీత గీశాను.

ఎక్కడ కూర్చోవచ్చు, ఎక్కడ ఎత్తు ఎక్కువ... పెద్దవాళ్లకి ముందు కావలసినవి ఇవే. గైడ్లు రాసేవాళ్లు ఇవి తప్పక రాయాలి.

సాయంత్రం వాళ్లు తిరిగొచ్చేసరికి కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది. వెనక అమ్మ చేతిరాత: "వచ్చే వారానికి ఇంకో పేట రాసిపెట్టు."