పీట మీంచి లేవడం

2024 కార్తీకమాసంలో, తెనాలిలో, మా పక్కింటివాళ్ళు చేసుకున్న సత్యనారాయణ వ్రతానికి వెళ్ళి అమ్మ పీట మీంచి లేవలేకపోయింది. కథంతా విని, ప్రసాదం అందుకుని, అందరితోపాటు లేవబోయి ఆగిపోయింది. ఎడం చెయ్యి నేలకి ఆనించింది. కుడి చెయ్యి మోకాలి మీద పెట్టుకుంది. మళ్ళీ ప్రయత్నించింది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. ఒకటి రెండు క్షణాలపాటు అమ్మ ముఖంలో నేనెప్పుడూ చూడని భయం. వెంటనే నవ్వేసి, "నాకిక్కడే బావుంది, మీరు కానివ్వండి" అంది. ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుని లేపారు. "అరవై దాటాక ఇంతేలే వదినా" అని ఎవరో అన్నారు. ఇంటికొచ్చాక అమ్మ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కానీ ఆ రాత్రి వంటింట్లోకి మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు చూశాను. కింది అరలన్నీ ఖాళీ. పప్పుల డబ్బాలూ, నూనె క్యానూ అన్నీ నడుమెత్తుకి వచ్చేశాయి. దేవుడి గదిలో పీట పోయి ప్లాస్టిక్ స్టూలు వచ్చింది. గ్రైండరు మీద గుడ్డ కప్పి ఉంది, ఫ్రిజ్‌లో బజారు దోసెల పిండి. ఆవకాయ జాడీ కనపడలేదు. దానికి బదులు చిన్న సీసా, దాని మూత కూడా సగమే బిగించి ఉంది. అంటే అమ్మకి ఎప్పటినుంచో తెలుసు. తన ఒంట్లో తగ్గుతున్నదాన్ని ఎవరి కంటా పడకుండా, ఇల్లంతా కొంచెం కొంచెం సర్దుకుంటూ వస్తోంది. సర్దుకోవడం అమ్మకి కొత్త కాదు కదా.

అంతకు మూడు నెలల ముందు బాత్రూంలో జారిపడింది. ఎముక విరగలేదని అందరం ఊపిరి పీల్చుకున్నాం. చూసిన డాక్టరు కాల్షియం మాత్రలు రాసి, "వయసు కదమ్మా, రెస్టు తీసుకోండి" అన్నాడట. అన్నయ్య, నేను, చెరో ఊరి నుంచీ ఫోన్లు చేసి "మంచం దిగొద్దు" అని రోజూ పోరాం. రెండు వారాలు దిగలేదు. మేం ప్రేమగా చేసిన పని అది. 2007లో అమెరికాలో ఒక పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న అరవై డెబ్భై ఏళ్ళవాళ్ళని పదిరోజులు మంచానికి పరిమితం చేసి కొలిస్తే, కాళ్ళలోంచే దాదాపు కిలో కండ పోయింది. ఆ మాట చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

నా పిహెచ్.డి. స్త్రీవాద కవిత్వంలో శరీరం మీద. జయప్రభ పైట, కొండేపూడి నిర్మల లేబర్ రూము, పాటిబండ్ల రజని అబార్షన్ స్టేట్‌మెంట్, వీటి గురించి పేజీలకి పేజీలు రాశాను. తెనాలి నుంచి తిరిగొచ్చాక ఆ థీసిస్‌ని బయటికి తీసి చూసుకున్నాను. అందులో రొమ్ముంది, గర్భసంచి ఉంది, చర్మం ఉంది, రక్తం కావలసినంత ఉంది. తొడ కండరం లేదు. నాలుగు వందల పేజీల్లో ఒక్క స్త్రీ కూడా కూర్చున్నచోటి నుంచి లేవదు. నేను పరిశోధించిన స్త్రీ శరీరం ముట్లాగిపోయే వయసు దగ్గరే ఆగిపోయింది. ఇది కవయిత్రుల లోపమని నేననను. 'నీలిమేఘాలు' వచ్చింది 1993లో, వాళ్ళు అప్పటికి ఏ వయసులో ఉన్నారో ఆ వయసు శరీరాన్నే రాశారు. పాతికేళ్ళ తర్వాత చదువుతూ కూడా అక్కడే ఆగిపోయింది నేను.

ఇలా కండ తరిగిపోవడానికి వైద్యశాస్త్రంలో సార్కోపీనియా అని పేరు. 1980ల చివర ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే పోషకాహార శాస్త్రవేత్త గ్రీకు మాటలు రెండు కలిపి ఈ పదాన్ని తయారుచేశాడు. సార్క్స్ అంటే మాంసం. పీనియా అంటే లేమి, పేదరికం. ప్లేటో 'సింపోజియం'లో పీనియా ఒక స్త్రీ, విందు జరుగుతుంటే గుమ్మం దగ్గర అడుక్కోవడానికి వచ్చి నిలబడుతుంది. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఇలాంటివే ముందు కనబడతాయి, ఏం చెయ్యను!

పేరు పెట్టాక కూడా చాలాకాలం దీన్ని జబ్బుగా లెక్కవెయ్యలేదు. అమెరికాలో జబ్బుల జాబితాలో దీనికంటూ ఒక సంఖ్య ఇచ్చింది 2016లో. యూరప్ నిపుణులు 2010లో ఇచ్చిన నిర్వచనంలో కండ ఎంత ఉందన్నది మొదటి కొలత. 2018లో దాన్ని తిరగరాసి బలాన్ని ముందుకి తెచ్చారు, కండ ఎంత ఉందన్నది తర్వాతే చూడమన్నారు. ఇది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. అమ్మ ఎప్పుడూ "కండ తగ్గింది" అనలేదు. "సత్తువ తగ్గిందే" అనే అంటూ వచ్చింది. మేం దాన్ని ముసలివాళ్ళ సణుగుడు అనుకున్నాం.

ముప్ఫయ్యో పడి దాటిన దగ్గర్నుంచే పదేళ్ళకి నూటికి మూడు నుంచి ఎనిమిది వంతుల కండ పోతుందని సాధారణంగా చెప్పే లెక్క. అరవై దాటాక ఆ వేగం ఇంకా పెరుగుతుంది. ముందుగా పోయేవి చురుగ్గా ముడుచుకునే కండర తంతువులు. కాలు జారినప్పుడు టక్కున నిలదొక్కుకునేది వాటితోనే. వాటిని కదిపే నరాలు కూడా కొన్ని ఆగిపోతాయి. వయసుతోపాటు ఇంకొకటి జరుగుతుంది. పాతికేళ్ళ శరీరం కొద్దిపాటి ప్రోటీన్‌తోనే కండ కట్టుకుంటుంది. డెబ్భైకి దగ్గరపడ్డ శరీరానికి అంతే కండ కట్టుకోవడానికి ఎక్కువ ప్రోటీన్ కావాలి. అంటే అమ్మ వయసువాళ్ళు మనకంటే ఎక్కువ తినాలి. మన ఇళ్ళల్లో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు.

ఒక రోజంతా అమ్మ ఏం తింటుందో పక్కన కూర్చుని రాశాను. పొద్దున కాఫీ, రెండిడ్లీలు. మధ్యాహ్నం అన్నం, పచ్చడి, రెండు గరిటెల పప్పు, మజ్జిగ. రాత్రి మళ్ళీ కొంచెం మజ్జిగన్నం. పాలూ పెరుగూ అన్నీ కలిపినా ప్రోటీన్ ముప్ఫై గ్రాములు దాటలేదు. అమ్మ బరువు 52 కిలోలు. జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క, పెద్దవాళ్ళెవరికైనా కిలో బరువుకి 0.83 గ్రాములు. ముసలివాళ్ళకి కిలోకి ఒక గ్రాము నుంచి 1.2 గ్రాములదాకా కావాలని 2013లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. ఏ లెక్కన చూసినా అమ్మ పళ్ళెం చాలదు. ఇది సోమవారమో శనివారమో కాదు, మామూలు రోజు సంగతి. ఉపవాసాల రోజుల లెక్క నేను రాయలేదు.

"ఒక్కదాని కోసం ఏం వండుకుంటాం?" అంది అమ్మ. నాన్న ఉన్నన్నాళ్ళూ ఇంట్లో వారానికి రెండుసార్లు చేపలు. నాన్న పోయాక, 2012 నుంచి, అమ్మ చేపలూ మాంసమూ గుడ్డూ అన్నీ మానేసింది. మానెయ్యమని ఎవరూ చెప్పలేదు. మా ఇళ్ళల్లో అలాంటి ఆచారం కూడా లేదు. "ఎందుకో మనసొప్పలేదు" అంటుంది. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్ళ మనసు ఒప్పనివన్నీ తిండి దగ్గరే ఎందుకుంటాయో నేను ఏ సిద్ధాంతంతో వివరించగలను? నాన్న లేకపోతే అన్నయ్య సిగరెట్టు మానలేదు.

ఇంకొక సంగతి. 1994లో, 36 ఏళ్ళకి, అమ్మకి గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేశారు. "పిల్లలు పుట్టేశారుగా, ఉంచుకుంటే కాన్సరొస్తుంది" అని చెప్పారట. ఏ పరీక్షా చేసినట్టు అమ్మకి గుర్తులేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. అండాశయాలు కూడా పోయినవాళ్ళకి ఈస్ట్రోజన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. ఎముకకీ, కండకీ అండగా ఉండే హార్మోను అది. అమ్మ కాళ్ళ బలహీనతకి ఆ ఆపరేషన్ ఒక్కటే కారణమని నేననను. అయితే "వయసు కదమ్మా" అన్న డాక్టరు, ఆ ఆపరేషన్ ఎప్పుడైందని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. ఇప్పుడు నా వయసు 37. ఈ వాక్యం రాయడానికి నాకు రెండురోజులు పట్టింది.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకామె ఇంటికొచ్చింది. ముందు అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమంది. 21 సెకన్లు పట్టింది. 2019లో ఆసియా దేశాల నిపుణులు పెట్టిన గీత 12 సెకన్లు. ఆ తర్వాత చేతిలో పట్టుకుని పిండే పరికరమిచ్చింది. స్త్రీలకి 18 కిలోలకన్నా తక్కువైతే బలహీనత కింద లెక్క. అమ్మకి 13 వచ్చింది. సరదాకి నేనూ పిండాను. 19. ఆ అమ్మాయి మొహమాటంగా నవ్వి, "మీరేం చేస్తుంటారండీ?" అంది. కూర్చుని చదువుతానని చెప్పాను.

వ్యాయామం అనగానే అమ్మ, "నన్ను కోడి రామ్మూర్తిని చేద్దామనుకుంటున్నావుటే?" అంది. ఆ తర్వాత ఇంకో మాట, మనందరం మన అమ్మల దగ్గర వినేదే: "ఇంటి చాకిరీకి మించిన వ్యాయామం ఏముంది?" నేనూ అలాగే నమ్మాను. ఆ అమ్మాయి విడమరిచి చెప్పింది. కండ పెరగాలంటే దానికి అలవాటైన దానికంటే ఎక్కువ బరువు పడాలి, ఎనిమిదో పదోసారికి ఇంక చేతకాదనిపించాలి, తేలిక అనిపించిన రోజు బరువు పెంచాలి. ఇంటిపని అలసట తెస్తుంది, బరువు పెంచదు. రుబ్బురోలూ, తిరగలీ, బావి చేదా పోయాయి. పని మాత్రం పోలేదు. అవన్నీ మళ్ళీ తెచ్చుకుందామని కాదు. మా అమ్మమ్మ నడుం ఏమైందో నాకు తెలుసు.

1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ అనే డాక్టరు, సగటున తొంభయ్యేళ్ళున్న పదిమందితో కాళ్ళతో బరువులెత్తించింది. ఎనిమిది వారాలకి, చివరిదాకా చేసినవాళ్ళ కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. 1994లో అదే బృందం వందమందిని తీసుకుని కొందరికి వ్యాయామం, కొందరికి పోషకాహార పానీయం, కొందరికి రెండూ ఇచ్చి చూసింది. వ్యాయామం చేసినవాళ్ళ బలం రెట్టింపు దాటింది. పానీయం మాత్రమే తాగినవాళ్ళకి బలం పెరగలేదు.

ఈ సంగతి నేను ఉత్సాహంగా అమ్మకి చెబుతుంటే, అంట్లు తోముతున్న ఆమె విన్నారు. మా ఇంట్లో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నారు, అమ్మకంటే నాలుగైదేళ్ళు చిన్న. గొంతుక్కూర్చుని ఇట్టే లేస్తారు. చేతులు పుల్లల్లా ఉంటాయి. "బరువులెత్తడం నాకొచ్చండి అమ్మాయిగారూ. మీరు చెప్పిన రెండో మందు, ఆ తిండి సంగతేదో చూడండి" అన్నారు.

నాకు మాట రాలేదు. బోస్టన్ పరిశోధనలో ఆమెలాంటివాళ్ళ కోసం గడి లేదు. జీవితమంతా బరువులెత్తి, దానికి తగ్గ తిండి ఒక్కపూటా తినని శరీరం అది. జాతీయ పోషకాహార సంస్థలో ఏళ్ళతరబడి పనిచేసిన వీణా శత్రుఘ్న, పేదల ఆహారాన్ని కేలరీల లెక్కకి కుదించి, చవగ్గా దొరికే తిండిగింజల మీదికి తోసి, గుడ్డూ పాలూ మాంసాన్ని పళ్ళెంలోంచి తప్పించిన తీరుని నిలదీశారు. ఆ వాదన నేనెప్పుడో చదివి, నోట్సు కూడా రాసుకున్నాను. అంట్ల దగ్గర నుంచి వినబడేదాకా అది నాకు మా ఇంటి విషయంగా తోచలేదు.

మూత్రపిండాల పరీక్ష చేయించాక అమ్మ తిండి మార్చాం. పొద్దున పెసరట్టో, ఉడికించిన శనగలో. మధ్యాహ్నం పప్పు, గరిటెలతో కాదు, గిన్నెతో. పెరుగు గట్టిగా. గుడ్డు దగ్గర నెలరోజులు గొడవపడి చివరికి ఒప్పుకుంది, చేప మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. నేను అడగడం మానేశాను. కాళ్ళకి కట్టుకోవడానికి పాత జీన్స్ గుడ్డతో, ఇసుక పోసి, మా వీధి టైలరు సంచులు కుట్టిచ్చాడు. అరకిలోతో మొదలై ఇప్పుడు కిలోన్నర. వారానికి మూడురోజులు. అమ్మ తలుపేసుకుని చేస్తుంది. చీర కుచ్చెళ్ళు దోపుకుని కాలెత్తుతుంటే ఎవరైనా చూస్తారని సిగ్గు. నైటీ వేసుకోమంటే అది ఇంకా సిగ్గు. ఏప్రిల్‌లో రెండువారాలు మానేసింది. మనవడి పరీక్షలని అన్నయ్య రమ్మన్నాడు, అక్కడ పన్నెండుమందికి వండింది. తిరిగొచ్చాక మళ్ళీ కిలో సంచితో మొదలు.

ఇంట్లో గుడ్లు ఇప్పుడు రోజూ నాలుగు ఉడుకుతున్నాయి, అమ్మకి రెండు, ఆమెకి రెండు. గుడ్డు పెట్టడం దయ, జీతం పెంచడం వేరు అని నేనంటే అమ్మ కొంచెం కోపగించుకుంది. తర్వాతి నెల నుంచి ఐదువందలు పెంచింది. చాలదని నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు.

పోయిన నెల వెళ్ళినప్పుడు మళ్ళీ కుర్చీ వేశాం. ఐదుసార్లు, చేతులు కట్టుకుని. నేను ఫోన్లో సమయం చూస్తున్నాను, ఆమె గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడి లెక్కపెడుతున్నారు. పద్నాలుగు సెకన్లు.

"పద్నాలుగా?" అంది అమ్మ ఆయాసపడుతూ. "నువ్వు ముందే నొక్కేశావు. మళ్ళీ పెట్టు."