పంపుల ఊళ్లో ఒక పంపు కోసం

కోయంబత్తూరు మన పాఠకుల్లో చాలామందికి మిల్లుల ఊరుగానే తెలుసు. బయటి రైతులకు మాత్రం అది పంపుల ఊరు. రెండూ నిజమే, ఒకదాని వెంట ఇంకొకటి వచ్చింది. 1888లో స్టేన్స్ మిల్లు వచ్చింది. 1910లో కుప్పుస్వామి నాయుడుగారి లక్ష్మీ మిల్లు వచ్చింది. 1930లలో పైకారా కరెంటు దిగినాక మిల్లు గొట్టాలు వరసగా లేచినాయి. చుట్టూ పల్లెల్లో నల్లరేగడి, పత్తి, లోతు బావులు. కపిల తోలే రైతుకు కరెంటు మోటారు కావాల్సి వచ్చింది. 1937లో జి.డి. నాయుడుగారు, బాలసుందరంగారు కలిసి ఆ మోటారును ఈడనే చేసి చూపించినారు. మిల్లు మిషన్లకు విడిభాగాలు పోసిన ఫౌండ్రీలే పంపులకూ బాడీలు పోసినాయి.

నేను ఈ నెల రాసేది బావి పంపు గురించి కాదు. రెండు చేతుల్లో ఇమిడే కారు ఇంజన్ ఆయిల్ పంపు గురించి. దాని కోసం నేనూ నా మేనల్లుడూ ఒక ఆదివారం, ఒక సోమవారం ఈ ఊరంతా తిరిగినాము.

వాడు చెట్టిపాళయం పక్కన ఒక కార్ల పట్టరైలో పని చేస్తాడు. రేసు కార్లకు ఇంజన్లు కట్టే చోటు అది. మూడేళ్లుగా వాడిది కడిగే పని, విప్పే పని. ఓనరు ఒక మాట అన్నాడంట: "నీ చేత్తో ఒక ఇంజన్ కట్టి, ట్రాకు మీద ఇరవై రౌండ్లు చెడకుండా తిప్పి చూపించు. ఇంజన్ బెంచీ నీకిస్తా." బెంచీ అంటే జీతం రెండింతలు. నా చెల్లెలు మెళ్లో గొలుసు కుదువపెట్టింది. ఆ డబ్బుతో వాడు పాత ఎస్టీమ్ కారు ఇంజన్ కొని పిస్టన్లు, వాల్వు స్ప్రింగులు మార్చినాడు. నిమిషానికి 7000 చుట్లు దాటించాలని వాడి ఆశ. మిగిలింది ఆయిల్ పంపు. అది తప్పితే మిగతా ఖర్చంతా మట్టిపాలే.

నాది కారు పని కాదు. 31 ఏళ్లు మిల్లులో రింగ్ ఫ్రేము ఫిట్టర్ని. అయినా నూనె లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. స్పిండిలు 16000, 18000 చుట్లు తిరిగేది. బోల్స్టరులో నూనె తగ్గితే మొదట సన్నగా కూత, తరవాత వేడి, తరవాత స్పిండిలు చెత్తబుట్టకు. కారు ఇంజన్లోనూ అదే సూత్రం. క్రాంకుకీ బేరింగుకీ మధ్య సందు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఆ సందులో నూనె పొర ఉన్నంతసేపు ఇనుము ఇనుమును తాకదు. పొర తెగితే కొన్ని సెకన్లలో బేరింగు కరుగుతుంది.

ఆదివారం పొద్దున సింగానల్లూరు నుంచి తిరుచ్చి రోడ్డు పట్టుకొని ఉక్కడం పోయినాము. దారిలో ఆగిపోయిన మిల్లుల గేట్లు కనిపిస్తాయి. 2020 లాక్‌డౌనులో మూసిన ఎన్‌.టి.సి. మిల్లుల గేట్ల ముందు నేటికీ వాచ్‌మన్ ఉంటాడు, లోపల సైరను ఉండదు. ఉక్కడంలో పాత బండ్ల సామాన్ల అంగళ్లలో మాత్రం నడవడానికి సందు ఉండదు. డోర్లు, గేరుబాక్సులు, రేడియేటర్లు గుట్టలు. అక్కడ పాత పంపు ఒకటి చవకగా దొరికింది.

"మామా, తిరుగుతా ఉంది చూడు, నున్నగా ఉంది" అన్నాడు వాడు.

తిరగడం ఒక లెక్క కాదు. విప్పించినాను. ఈ పంపులో బయట ఒక రోటరు, లోపల ఒక రోటరు ఉంటాయి. లోపలిది క్రాంకు మీదనే కూర్చుంటుంది. రెండింటి పళ్ల మధ్య నూనె పట్టి అవతలికి తోస్తుంది. రోటర్ల మీద స్టీలు స్కేలు నిలువుగా పెట్టి, కింద ఫీలరు గేజి దూర్చినాము. కంపెనీ పుస్తకంలో ఈ సైడు సందుకు హద్దు 0.15 మిల్లీమీటరు. బయటి రోటరుకూ బాడీకీ మధ్య 0.31. సైడులో 0.20 ఆకు సులువుగా దూరింది. మూత లోపలి ముఖం మీద గీతలు గోటికి తగులుతున్నాయి. ఆ సందులోంచి నూనె వెనక్కి కారిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు తెలియదు, కాగినాక నూనె పల్చబడి ప్రెషరు పడిపోతుంది. అంగడాయనకు దండం పెట్టి బయటికొచ్చినాము.

తరవాత కొత్త సామాన్ల వీధి. అక్కడ ఒకే పంపుకు మూడు ధరలు. కంపెనీ డబ్బాలో వచ్చేది, వేరే పేరు మీద వచ్చేది, కంపెనీ డబ్బాను అచ్చం పోలిన డబ్బాలో వచ్చేది. మూడోదాన్ని చేతిలో పట్టుకుంటేనే బరువులో తేడా. పోత అంచుల్లో రేకులు లేచి ఉన్నాయి. నేను రిలీఫ్ వాల్వు విప్పమన్నాను. ప్రెషరు ఎక్కువైనప్పుడు నూనెను వెనక్కి వదిలే చిన్న పిస్టను అది. చుక్క నూనె పూసి గొట్టంలో వదిలితే తన బరువుకే జారిపోవాలి. ఇందులో సగంలో నిలిచిపోయింది. అది మూసుకొని ఇరుక్కుంటే ఫిల్టరు పగులుతుంది, తెరుచుకొని ఇరుక్కుంటే ఇంజన్ పోతుంది. కంపెనీ పంపు కొన్నాము. ధర ఆ నకిలీకి రెండున్నర రెట్లు.

వాడి మనసు మాత్రం ఇంకో చోట ఉంది. ఎక్కువ నూనె తోసే పెద్ద పంపు గేర్లు చేయించుకోవాలని. సోమవారం అందుకే గణపతికి పోయినాము. గాంధీపురం దాటి సత్తి రోడ్డు మీద, బాలసుందరంగారి టెక్స్‌టూల్ కంపెనీ పుట్టిన పేట. ఇప్పుడు అక్కడ ప్రతి సందులో లేత్ పట్టరైలు. తలుపు తెరిస్తే కత్తిరింపు నూనె వాసన. మా మిల్లులో టర్నరుగా చేసిన పెద్దాయన ఒకాయన కొడుకుతో కలిసి నాలుగు మిషన్లు నడుపుతున్నాడు. అన్నా అని పిలిస్తే కూర్చోబెట్టి టీ తెప్పించినాడు.

ఆయన మేనల్లుణ్ణి అడిగిన మొదటి ప్రశ్న: "బేరింగు సందు ఎంత పెట్టినావు నాయనా?"

కంపెనీ చెప్పినంతే అని వీడు చెప్పినాడు.

"మరి పెద్ద పంపు ఎందుకు? పంపు ప్రెషరును పుట్టించదు, నూనెను తోస్తుంది. దారిలో అడ్డం ఉంటే ప్రెషరు వస్తుంది. నీ సందులు మామూలుగా ఉంటే ఎక్కువ తోసిన నూనె అంతా రిలీఫ్ వాల్వు గుండా వెనక్కే. ఊరికే తిప్పడానికి ఇంజన్ బలం తింటుంది, నూనె కాగుతుంది. పైగా సంపులో నూనెను తలకాయలోకి ఎక్కించేస్తే కింద పీల్చుకోవడానికి ఏముంటుంది?"

పెద్ద పంపు ఎవరికి కావాలో కూడా ఆయనే చెప్పినాడు. సందులు కావాలని వదులుగా పెట్టినవాళ్లకు, టర్బో, ఆయిల్ కూలరు అదనంగా తగిలించినవాళ్లకు. మిగతావాళ్లకు 1000 చుట్లకు 10 పౌండ్ల ప్రెషరు, కాగిన నూనెలో నిలబడితే చాలు. మెకానిక్కులు తరాలుగా నమ్మే లెక్క ఇది.

స్టీలు గేర్ల సంగతి వేరే. కంపెనీ రోటర్లు చాలావరకు లోహప్పొడిని అచ్చులో నొక్కి కాల్చి చేసినవి. మామూలు వాడకానికి ఏళ్ల తరబడి వస్తాయి. కానీ క్రాంకు మీద కూర్చునే పంపులో ఇంకో ప్రమాదం ఉంది. ఎక్కువ చుట్లలో క్రాంకు కొస మెలి తిరిగి వణుకుతుంది. ఆ వణుకు నేరుగా రోటరుకు తగులుతుంది. ఊరికే రేసు ఇచ్చి హద్దు దాటిస్తే రోటరు పగులుతుంది. అప్పుడు ప్రెషరు ఒక్కసారిగా సున్నా. అందుకని 8000 చుట్ల పైన నడిపేవాళ్లు గట్టి స్టీలు ముద్దలోంచి కోసిన గేర్లు వేస్తారు. వణుకును మింగే రబ్బరు పుల్లీని తీసేసి తేలిక పుల్లీ వేయడం అందుకే చేటు.

"నువ్వు 7000 దగ్గర ఆపు. రెవ్ లిమిటరు పెట్టు. పుల్లీ మార్చవద్దు. నా దగ్గర గేర్లకు ఇచ్చే డబ్బు ఇంట్లో ఇవ్వు" అన్నాడు పెద్దాయన. చేతికొచ్చిన బేరం వదులుకొని ఆ మాట చెప్పిన మనిషి. కొత్త పంపును తన బెంచీ మీదనే విప్పి, కొలిచి, కడిగి ఇచ్చినాడు. సైడు సందు 0.06 వచ్చింది. కొత్తదైనా విప్పి కొలవాలంట. ఆ కూలి తీసుకోలేదు.

అక్కడి నుంచి చెట్టిపాళయం. ఊరు దాటి దక్షిణాన, కొబ్బరితోటల మధ్య కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. లక్ష్మీ మిల్లు కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ పేరు దానికి పెట్టినారు. మారుతి 800 ఇంజన్ పెట్టి ఫార్ములా మారుతి అనే రేసు కారును తయారు చేసి, లక్షాధికారులు కాని పిల్లలకూ రేసు అందుబాటులోకి తెచ్చినవాడాయన. 1995లో ప్రమాదంలో పోయినాడు. ట్రాకు పొడవు రెండు కిలోమీటర్లకు కాస్త పైన, మలుపులు ఎక్కువ.

ఆ మలుపుల్లోనే పంపుకు అసలు పరీక్ష. కారు జోరుగా తిరిగితే సంపులో నూనె ఒక పక్కకు ఎగబడుతుంది, బిందెలో నీళ్ల మాదిరి. పీల్చే గొట్టం మూతి గాలిని పీలుస్తుంది. ఎంత మంచి పంపైనా గాలిని తోస్తే బేరింగుకు ఏం దక్కుతుంది? అందుకని వాడు సంపులో అడ్డరేకులు వెల్డింగు పెట్టినాడు. గొట్టం మూతికీ సంపు అడుగుకూ మధ్య 8 మిల్లీమీటర్లు ఉంచినాడు. మరీ ఆనుకుంటే పీల్చలేదు, మరీ ఎత్తైతే గాలి తగులుతుంది. గొట్టం అతుకులో రబ్బరు రింగు కొత్తది వేసినాడు. పంపు పళ్ల మధ్య వాజిలైన్ నింపినాడు. ప్లగ్గులు విప్పి, గేజిలో ముల్లు లేచేదాకా స్టార్టరుతో తిప్పి, ఆ తరవాతే మొదటిసారి ఇంజన్ వెలిగించినాడు. కారులో ఉండే ఎర్రదీపాన్ని నమ్మలేదు, ముల్లు గేజి పెట్టినాడు. ఆ దీపం వెలిగేసరికి పని అయిపోయి ఉంటుంది.

పోయిన బుధవారం ట్రాకు అద్దెకు దొరికింది. నేను గోడ దగ్గర నిలబడి లెక్కపెట్టినాను. ఇరవై ఒక రౌండ్లు. ఓనరే నడిపినాడు. కాగిన ఇంజన్, నిలబడి ఉన్నప్పుడు 15 పౌండ్లు, 6500 దగ్గర 66. పెద్ద మలుపులో ముల్లు ఒక్కసారి కదిలి మళ్లీ నిలబడిందంట. అడ్డరేకు ఇంకొకటి వేయమన్నాడు. బెంచీ ఒకటో తేదీ నుంచి.

స్టీలు గేర్లకని దాచిన డబ్బు తీసుకొని నా చెల్లెలు శుక్రవారం అడుకు అంగడికి పోయి వచ్చింది. గొలుసు ఇంకా రాలేదు, వడ్డీ తీరి అసలులో సగం కట్టింది. మన పేటల్లో ఇంజన్ పని నేర్చుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. గణపతిలో ఆ పెద్దాయన పట్టరైలో ఇద్దరికి పని నేర్చుకునే చోటు ఖాళీగా ఉంది. లేత్ మీద నిలబడే ఓపిక ఉంటే చాలు, చదువు అడగడంట.