పాతసామాన్ల బండి వెళ్లే దారి

ప్రియమైన పాఠకులకు,

మీరు బాగానే ఉన్నారు కానీ చిరాగ్గా ఉన్నారని ఈ మధ్య వచ్చిన మీ ఉత్తరాలు చెబుతున్నాయి. బ్యాంకుకు వెళ్తే యాప్‌లో చూసుకోమంటున్నారని ఒకరు. గుమ్మంలో గ్యాస్ సిలిండర్ పెట్టుకుని ఓటీపీ కోసం ఎదురుచూశామని ఇంకొకరు. తెలుగు కోసం రెండు నొక్కితే చివరకు ఇంగ్లీషే వినిపించిందని మరొకరు. ఒక పెద్దావిడైతే, ‘ఫోను నాదా, నేను ఫోను దాన్నా?’ అని నిలదీశారు. దానికి నా దగ్గర జవాబు లేదమ్మా.

మా బోయిగూడ వాళ్లకు ఇవి చాలవన్నట్టు ఇంకొన్ని ఉన్నాయి. మేముండేది సికింద్రాబాద్ స్టేషన్‌కు పదో నంబరు ప్లాట్‌ఫారం వైపు. 1874 నాటి స్టేషన్‌ను సుమారు 700 కోట్లతో కొత్తగా కడుతున్నారు, 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఈలోగా కొన్ని రైళ్లు చర్లపల్లికి తరలిపోయాయి. రైలు కూత వినబడే ఇంట్లో ఉంటూ, రైలెక్కడానికి మాత్రం ఊరి చివరికి ఆటో మాట్లాడుకోవాలి. ఇది గొణుక్కుని ఊరుకునే బాధే. కట్టడం పూర్తయితే తీరిపోతుంది.

తీరనిది వస్తువుల బాధ. మిక్సీ జారు కింది రబ్బరు అరిగితే జారే మార్చుకోమంటారు. చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్‌లో బ్యాటరీ పోతే మొత్తం పారేయడమే. రాణిగంజ్‌లో మోటార్లకు వైండింగ్ చేసే ఒకాయన, ‘వెనకట స్క్రూలు ఉండె సార్, ఇప్పుడు అంతా అతికించేస్తున్నరు. విప్పితే మళ్ల బిగవదు’ అన్నాడు. ఆయన చేతిలో పనితనం తగ్గలేదు, ఆ చేయి పెట్టే సందే లేకుండా చేశారు. కొత్తది కొంటాం. అగ్గిపెట్టెంత వస్తువు బూట్ల డబ్బాంత అట్టపెట్టెలో వస్తుంది. నెల తిరిగేసరికి బాల్కనీ నిండిపోతుంది. అప్పుడు ‘పాత పేపర్లు, పాత ఇనుప సామాన్’ అని కేకేస్తూ బండి వస్తుంది. బండివాడు తూకం వేస్తాడు, ఐదు రూపాయల కోసం కాసేపు బేరం ఆడతాం, బాల్కనీ ఖాళీ అవుతుంది, మన సంగతి అక్కడితో సరి.

బండి సంగతి సరి కాదు. అది స్క్రాప్ గోడౌన్‌కు వెళ్తుంది. పాత ఎలక్ట్రానిక్ సామాను బాధ్యత తయారుచేసిన కంపెనీలదేనని 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు ఉన్నాయి, మంచిదే. కానీ మా గల్లీలోకి కంపెనీ రాదు, తోపుడు బండే వస్తుంది.

మా బోయిగూడలోనే అలాంటి ఒక స్క్రాప్ గోడౌన్‌లో 2022 మార్చి 23న తెల్లవారకముందే మంటలు లేచాయి. కింద ఖాళీ సీసాలు, కాగితాలు, ప్లాస్టిక్, కేబుళ్లు. పైన పన్నెండు మంది కూలీలు నిద్రలో ఉన్నారు, బీహార్ నుంచి పనికోసం వచ్చినవాళ్లు. కిందికి దిగాలంటే ఆ గోడౌన్ మీదుగానే దిగాలి. కిటికీలోంచి దూకిన ఒక్కరు బతికారు. పదకొండు మంది పోయారు. మృతదేహాలను గాంధీ ఆస్పత్రికి తీసుకెళ్లారు, అక్కణ్నుంచి బీహార్ పంపారు. రాష్ట్రం తలా 5 లక్షలు, కేంద్రం 2 లక్షలు ప్రకటించాయి.

ఆ పేటలోనే ఐడీహెచ్ కాలనీ ఉంది. డబుల్ బెడ్‌రూం ఇళ్ల పథకానికి నమూనాగా 396 ఇళ్లు కట్టి 2015 నవంబరులో ప్రారంభించింది అక్కడే. ఇళ్లు బాగా కట్టారు, కాదనను. అయితే ఆ లెక్కలోకి గోడౌన్ మేడ మీద చాప పరుచుకునేవాడు ఎక్కడా రాడు. అతను ఈ ఊరివాడు కాదు కదా. మనం బాల్కనీ ఖాళీ చేసుకున్న చెత్త మీదే అతని పడక.

మళ్లీ మీ ఉత్తరాల దగ్గరికి వస్తే, మీలో ఎక్కువ మంది తిట్టిపోసింది లోన్ కావాలా అని వచ్చే ఫోన్లను. సరిగ్గా అన్నం కలుపుకునే వేళకు మోగుతాయి. ఇలాంటి ఫోన్లు వద్దని 1909 నంబరుకు చెప్పి నమోదు చేసుకున్నా, 140తో మొదలయ్యే నంబర్లు ఆగితే మామూలు పదంకెల నంబర్ల నుంచి వస్తున్నాయి. కోపం రావడం న్యాయమే. కానీ అది వెళ్లి తగిలేది కంపెనీకి కాదు, అవతల హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఇరవై రెండేళ్ల అమ్మాయికి. ఆ పిల్ల ఏ ఊరి నుంచి వచ్చిందో, ఏ బిల్డింగ్‌లో ఎన్నో అంతస్తులో కూర్చుందో మనకు తెలియదు.

2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ తగలబడినప్పుడు ఐదో అంతస్తులో చిక్కుకుని ఆరుగురు చనిపోయారు. ఒక మార్కెటింగ్ ఆఫీసులో పనిచేసే పిల్లలు, వరంగల్, ఖమ్మం వైపు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లను చంపింది మంట కన్నా పొగ. దానికి ముందు 2022 సెప్టెంబరులో ఒక లాడ్జి కింద పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో నిప్పు రాజుకుని, పైన గదుల్లో దిగినవాళ్లలో ఎనిమిది మంది పోయారు. 2023 జనవరిలో నల్లగుట్టలో మరో భవనం కాలింది. బోయిగూడ నుంచి స్వప్నలోక్ దాకా ఏడాది కూడా తిరగలేదు, అన్నీ సికింద్రాబాద్‌లోనే. నిప్పుకు కారణం ఏదైనా సరే, పైనున్నవాళ్లకు దిగే దారి దొరక్కపోవడం మాత్రం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

అందుకే ఈ కాలం ఎటు పోతోందని ఎవరైనా నిట్టూరిస్తే నాకు ఓటీపీలు అంతగా గుర్తుకు రావు, మెట్లు గుర్తొస్తాయి. మీ అపార్ట్‌మెంట్‌లో ఒకసారి లిఫ్ట్ ఎక్కకుండా దిగి చూడండి. చెప్పుల స్టాండు, గాలి పోయిన సైకిలు, పనిచేయని వాషింగ్ మెషీన్, విప్పిన కొరియర్ పెట్టెలు, ఒకరి తులసికోట. టెర్రస్ తలుపుకు తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ఊళ్లో పెళ్లికి వెళ్లాడు. అసోసియేషన్ మీటింగుల్లో పార్కింగ్ మీద గంటసేపు గొంతులు చించుకుంటారు, మెట్ల మాట ఎత్తితే ‘అది తర్వాత చూద్దాం లెండి’ అని టీ తెప్పిస్తారు. టీ బాగుంటుంది, అదే చిక్కు.

ఈసారి ఉత్తరం రాసేటప్పుడు బ్యాంకును, ఆటోవాణ్ని, లోన్ ఫోన్లను మనసారా తిట్టండి, చదువుతాను. దాంతోపాటు మీ మేడమీది తలుపు తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా కనుక్కుని ఒక్క వాక్యం రాయండి.

ఉంటాను,
మీ
బోయిగూడ మిత్రుడు