రందికీ ఉంది ఒక కొలత

జ్వరానికి థర్మామీటరు ఉంది, రక్తపోటుకు యంత్రం ఉంది. మరి మనసులోని దిగులుకో? దానికీ కొలత ఉందంటే చాలామంది నమ్మరు.

మేడ్చల్ దాటాక నాగపూరు రోడ్డు మీద వచ్చే అత్వెల్లి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, గోడౌన్లలో పనిచేసేవారు మా దగ్గరకు వస్తూంటారు. "సార్, పానం మంచిగ లేదు. నిద్ర పడ్తలేదు, తినబుద్ధి అయితలేదు" అంటారు. బీహారు, ఒడిశాల నుంచి వచ్చినవారైతే "మన్ నహీ లగ్తా" అంటారు. డిప్రెషన్ అనే మాట ఎవరి నోటా రాదు. బలానికి సూది వేయమని మాత్రం అడుగుతారు.

ఇలాంటివారికి ఉపయోగపడేది పి.హెచ్.క్యు.-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక. 1990ల చివర అమెరికాలో డాక్టర్ రాబర్ట్ స్పిట్జర్ బృందం దీన్ని రూపొందించింది. గత రెండు వారాల్లో ఉత్సాహం, నిద్ర, ఆకలి, అలసట, ఏకాగ్రత ఎలా ఉన్నాయో అడుగుతారు. ఒక్కొక్క ప్రశ్నకు 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది, అంతకు మించి వస్తే డాక్టరు వివరంగా పరీక్షించాలి.

చిక్కల్లా భాషతోనే. "కుంగుబాటు ఉందా?" అంటే కార్మికుడు తెల్లమొహం వేస్తాడు. "రంది పెట్టుకున్నవా? మనాది పట్టిందా?" అంటే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అమెరికాలోని స్పానిష్ కార్మికుల్లో కొందరు ఇలాంటి బాధను 'నెర్వియోస్', అంటే నరాలు అని చెప్పుకుంటారు. మనవాళ్ళు 'నరాల బలహీనత' అన్నట్టే! అందుకే పట్టికను అనువదిస్తే చాలదు. మరొకరిచేత తిరిగి మూలభాషలోకి మార్పించి, డాక్టరు పరీక్షతో పోల్చి చూశాకే దాన్ని నమ్మాలి.

మార్కులు బాధ ఎంతో చెబుతాయిగాని ఎందుకో చెప్పవు. సెలవునాడు కాస్త తేలికపడి, డ్యూటీ వేళకు గుండె దడ మొదలవుతోందా? రాత్రి షిఫ్టులు తరచు మారుతున్నాయా? పని భారం ఎక్కువై, దానిమీద తన మాట చెల్లని ఉద్యోగమే మనిషిని ఎక్కువగా నలిపివేస్తుందని 1979లో రాబర్ట్ కారసెక్ వివరించాడు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, తాగుడు కూడా ఇవే లక్షణాలు చూపవచ్చు కనుక ఆ పరీక్షలూ అవసరం.

తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే ఆలోచన గురించి. దానికి "అవును" అంటే మొత్తం ఎంత తక్కువైనా ఉపేక్షించకూడదు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే గుండె బరువు దిగుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలక, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇది పిచ్చి కాదు, సోమరితనమూ కాదు. మాటసాయంతో, అవసరమైతే మందులతో నయమవుతుంది. మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. గుణం కనిపించగానే మీ అంతట మీరు మానకండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే ఫోను చేయవచ్చు.

మీ ఇంటి మనిషి డ్యూటీ నుంచి వచ్చి రోజూ మాటాపలుకూ లేకుండా కూర్చుంటున్నాడా? "జీతం పడిందా?" అనే ముందు "పానం ఎట్లున్నది?" అని అడగండి.